మాట రాని బాబు, మాట పోయిన పెద్దాయన: పల్లెలో స్పీచ్ థెరపిస్టు ఏం చేస్తారు?

ప్రశ్న: మేడమ్, నమస్కారం. నేను పల్నాడు జిల్లాలో ఆశా కార్యకర్తను. నా పరిధిలోని ముగ్గురి గురించి రాస్తున్నాను. మొదట ఒక బాబు. రెండేళ్ల మూడు నెలలు నిండాయి. ఇంతవరకు ‘అమ్మ’ అని కూడా అనలేదు. వాళ్ల నాన్నకూ నాలుగేళ్లకే మాటలు వచ్చాయని, మగపిల్లలకు ఆలస్యమేనని నాయనమ్మ అంటోంది. వస కూడా నాకించారు. పళ్లెం కింద పడితే తిరిగి చూస్తాడు కాబట్టి చెవుడు లేదని వాళ్ల ధీమా. రెండో వ్యక్తి 64 ఏళ్ల పెద్దాయన. మూడు నెలల కిందట పక్షవాతం వచ్చింది. చెయ్యి కాస్త కదులుతోంది గానీ మాట లేదు. నీళ్లు తాగితే దగ్గు. ఈ మధ్య రెండుసార్లు జ్వరం కూడా వచ్చింది. మతి పోయిందని ఇంట్లోవాళ్లు ఆయనతో మాట్లాడటమే మానేశారు. మూడో మనిషి ఏడో తరగతి అమ్మాయి. నత్తి. క్లాసులో నవ్వుతున్నారని బడి మానేస్తోంది. మా పీహెచ్‌సీలో స్పీచ్ థెరపిస్టు లేరు. గుంటూరు వెళ్లమంటే ఒక రోజు కూలి పోతుంది, పైగా ఇద్దరి ఛార్జీలు. వారానికి రెండుసార్లు రమ్మంటే ఎవరు వెళ్తారు? టీకాలు, గర్భిణులు, బీపీలతోనే మాకు పొద్దు సరిపోవడం లేదు. ఇది కూడా మా పనేనా? అసలు ఊళ్లో స్పీచ్ థెరపిస్టు ఉంటే మాత్రం ఏం చేస్తారు?

సమాధానం: స్పీచ్ థెరపిస్టుగా చెబుతున్నాను. మీ ఉత్తరంలో బాబు ముందున్నాడు గానీ నేను పెద్దాయనతో మొదలుపెడతాను. మిగతా ఇద్దరికీ ఒక వారం ఆగినా ఫరవాలేదు. ఆయనకు ఆగకూడదు.

నీళ్లు తాగితే దగ్గు, దాని వెంట రెండుసార్లు జ్వరం. ఈ రెండింటినీ కలిపి చూడండి. పక్షవాతం చెయ్యిని, కాలిని మాత్రమే పట్టదు. నాలుకను, గొంతు కండరాలను కూడా పట్టవచ్చు. మనం మింగిన ప్రతిసారీ శ్వాసనాళం మూసుకుని, ముద్ద అన్నవాహికలోకి జారాలి. ఆ మూసుకోవడం ఒక్క క్షణం ఆలస్యమైతే నీళ్లు ఊపిరితిత్తుల వైపు పోతాయి. పొలమారితే ఎవరో తలుచుకుంటున్నారని మనం నెత్తిన తట్టి ఊరుకుంటాం. పక్షవాతం వచ్చిన మనిషికి పూటపూటకూ పొలమారుతుంటే అలా ఊరుకోకూడదు. ఆ నీళ్లు, ఆ మెతుకులు, నోటిలోని క్రిములు ఊపిరితిత్తుల్లో చేరి న్యుమోనియా తెస్తాయి. పక్షవాతం నుంచి గట్టెక్కిన మనుషుల ప్రాణాలు తర్వాత ఈ న్యుమోనియాకు పోవడం వైద్యులకు బాగా తెలిసిన విషయం. కాబట్టి రేపే ఆయన్ను డాక్టరుకు చూపించి, ఛాతీ పరీక్ష చేయించండి. ‘జ్వరం వచ్చింది’ అని మాత్రమే చెప్పకండి. ‘నీళ్లు తాగితే పొలమారుతోంది’ అని కూడా చెప్పండి. ఆ మాట చెప్పకపోతే జ్వరానికి మాత్ర ఇచ్చి పంపేస్తారు.

మింగడంలో ఇబ్బందిని పరీక్షించి సరిచేసేది కూడా స్పీచ్ థెరపిస్టే. మాటకూ మింగడానికీ వాడేది ఒకే నోరు, ఒకే నాలుక, ఒకే గొంతు కదా. ఈ సంగతి ఆసుపత్రుల్లో పనిచేసేవారికే చాలామందికి తెలియదు, అందుకే అటు పంపరు. థెరపిస్టు దగ్గరికి వెళ్లేలోగా ఇంట్లో కొన్ని జాగ్రత్తలు మొదలుపెట్టించండి. పడుకోబెట్టి గాని, సగం వాల్చి గాని ఏమీ పెట్టకూడదు. వీపు వెనుక దిండ్లు పెట్టి నిటారుగా కూర్చోబెట్టాలి. తిన్నాక అరగంట అలాగే కూర్చోవాలి. చిన్న చెంచాతో కొద్దికొద్దిగా పెట్టాలి. ముద్ద మింగాడని చూశాకే తర్వాతి ముద్ద. నోట్లో అన్నం ఉండగా నీళ్లు పోసి లోపలికి తోయకూడదు. మగతగా ఉన్నప్పుడు అసలు పెట్టకూడదు.

ఇంకొక విషయం మన ఇళ్లలో ప్రత్యేకంగా చెప్పాలి. జబ్బు మనిషికి పల్చగా పెట్టాలని చారన్నం, మజ్జిగన్నం పెడతాం. ఇలాంటి మనిషికి కష్టమైన తిండి అదే. నీళ్లు ఒక వేగంతో జారతాయి, మెతుకులు ఇంకో వేగంతో. దెబ్బతిన్న గొంతు రెండింటినీ ఒకేసారి సంభాళించలేదు. మెత్తగా మెదిపిన పప్పన్నం, గడ్డ పెరుగు కలిపి గుజ్జులా చేసిన అన్నం, చెంచా నుంచి జారకుండా నిలిచేంత చిక్కటి రాగి జావ చాలామందికి సులువుగా దిగుతాయి. ఆయనకు ఏది సరిపడుతుందో థెరపిస్టు చూసి ఖాయం చేస్తారు. రోజుకు రెండుసార్లు నోరు, పళ్లు, నాలుక శుభ్రంగా తుడవాలి. దీన్ని చిన్న పని అనుకోవద్దు. నోరు శుభ్రంగా ఉంటే న్యుమోనియా ముప్పు తగ్గుతుంది. మింగిన తర్వాత గొంతు గరగరమంటూ తడిగా వినిపించినా అది హెచ్చరికే. కొందరికి ఊపిరితిత్తుల్లోకి పోతున్నా దగ్గు రాదు. అందుకే దగ్గు తగ్గింది కదా అని వదిలేయకుండా జ్వరం, ఆయాసం, బరువు తగ్గడం గమనిస్తూ ఉండండి.

ఇక ఆయన మాట. మతి పోలేదు. మెదడులో మాటను కూర్చే చోటు దెబ్బతింది, అంతే. చాలామందికి ఎదుటివారి మాట చాలావరకు అర్థమవుతుంది, తిరిగి చెప్పబోతే మాట దొరకదు. కొందరికి అర్థం చేసుకోవడంలోనూ ఇబ్బంది ఉంటుంది. అది కూడా మతి పోవడం కాదు. మీరే ఒకసారి చూడండి. తన పేరు చెప్పలేని మనిషి చేత ‘ఒకటి, రెండు’ అని మీరు మొదలుపెట్టి లెక్కపెట్టించండి, లేదా వారాల పేర్లు కలిసి చెప్పండి. కొందరు మీతో పాటు సగందాకా చెప్పేస్తారు. రోజూ చేసే ప్రార్థనో, భజనో అందుకుంటారు. అలవాటుగా వచ్చే మాట ఒక దారిన వస్తుంది, కూర్చుకుని చెప్పవలసిన మాట ఇంకో దారిన వస్తుంది. థెరపీ మొదలయ్యేది చాలాసార్లు ఆ మిగిలిన దారి నుంచే. ఇంట్లోవాళ్ల ఎదుటే ఇది చేయించండి. ‘మతి పోయింది’ అన్నవాళ్లు ఆయన నోట ఆ అంకెలు విన్నాక మళ్లీ పలకరించడం మొదలుపెడతారు.

ఆయనతో మాట్లాడేటప్పుడు ఎదురుగా కూర్చుని, టీవీ ఆపి, ఒకసారి ఒక్క విషయమే అడగమనండి. ‘ఏం కావాలి?’ అంటే ఆయన చెప్పలేడు. ‘జావా? పెరుగన్నమా?’ అని రెండూ చూపిస్తే వేలు పెడతాడు. పాత క్యాలెండరు కాగితం వెనుక ఆయన చెంబు, కళ్లజోడు, మాత్రలు, మరుగుదొడ్డి, మంచం బొమ్మలు గీసి మంచం పక్కన తగిలిస్తే చాలు. తప్పు పలికితే దిద్దుతూ కూర్చోవద్దు. చెప్పినదాంట్లో అర్థమైనంతవరకు అందుకుని ముందుకు వెళ్లాలి. మూడు నెలలంటే ఇంకా వేగంగా కోలుకునే కాలమే. తర్వాత వేగం తగ్గుతుంది గానీ కోలుకోవడం ఆగిపోదు. పసరు మందుల ప్రయాణాలకు ఈ నెలలు ఖర్చు కాకుండా చూడండి. ఊళ్లో ఇంకెవరికైనా ఉన్నట్టుండి మాట ముద్దగా వచ్చినా, మూతి వంకర పోయినా, చెయ్యి పడిపోయినా వెంటనే 108కి ఫోను చేయించండి. రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ పనిచేసేది మొదటి నాలుగున్నర గంటల్లోనే.

ఇప్పుడు బాబు. నేను ఎక్కువసేపు ఆగదలచుకున్నది ఇక్కడే. ఎందుకంటే ఇలాంటి బిడ్డ ప్రతి ఊళ్లోనూ ఉంటాడు. ‘చూద్దాంలే’ అనే మాటా ప్రతి ఇంట్లోనూ వినిపిస్తుంది.

పళ్లెం పడితే తిరిగి చూస్తాడు కాబట్టి చెవుడు లేదన్నారు. స్టీలు పళ్లెం చప్పుడు చాలా పెద్దది. చెవి సగం పనిచేసినా అది వినిపిస్తుంది. ఏమీ వినిపించకపోయినా నేల అదురుకు, పక్కనున్నవాళ్లు ఉలిక్కిపడటం చూసి పిల్లలు తల తిప్పుతారు. మాట నేర్చుకోవడానికి పెద్ద చప్పుళ్లు వినపడితే చాలదు. ‘స’, ‘శ’, ‘చ’, ‘త’ లాంటి సన్నటి ధ్వనులు తేడా తెలిసేలా వినపడాలి. డప్పు వినిపించి ‘స’ వినిపించని చెవులుంటాయి. అలాంటి బిడ్డను చెవిటివాడని ఎవరూ అనుకోరు, అల్లరివాడు, చెప్పిన మాట వినడు అంటారు. పుట్టుకతో వచ్చిన లోపమే కావాలని కూడా లేదు. జలుబులు చేసి కర్ణభేరి వెనుక నీరు చేరినా వినికిడి తగ్గుతుంది, దానికి మంచి చికిత్స ఉంది.

ఇంటి దగ్గర ఒక చిన్న పరీక్ష చేయవచ్చు. బాబును తల్లి ఒడిలో కూర్చోబెట్టి, ముందు ఏదైనా బొమ్మతో ఆడిస్తూ ఉండమనండి. మీరు వెనుక రెండు మూడు అడుగుల దూరంలో, మీ నీడ కూడా బాబు మీద పడకుండా నిలబడండి. చప్పట్లు వద్దు, గాలి తగులుతుంది. ఒక గ్లాసు అంచు మీద చెంచాతో మెల్లగా రుద్దండి. తర్వాత ‘స్స్’ అనండి. తర్వాత మామూలు గొంతుతో పేరు పెట్టి పిలవండి. ఆ చెవి వైపు ఒకసారి, ఈ చెవి వైపు ఒకసారి. తిరగకపోతే అనుమానం బలపడుతుంది. తిరిగినా సరే, మాటలు రాలేదు కాబట్టి అసలు పరీక్ష మానకూడదు. ఇది మీరు ఇంటివాళ్లను ఒప్పించడానికి మాత్రమే. తేల్చేది ఆడియాలజిస్టు, అంటే వినికిడి నిపుణులు, చేసే పరీక్షలు. చెవిలో చిన్న గొట్టం పెట్టి కొద్ది నిమిషాల్లో చేసేది ఒకటి, దాని పేరు ఓఏఈ. బిడ్డ నిద్రపోతుండగా నుదుటికి, చెవుల వెనుక తీగలు అంటించి చేసేది ఇంకొకటి, దాన్ని బెరా అంటారు. రెండింటిలోనూ నొప్పి ఉండదు, సూది ఉండదు. తల్లులు ఎక్కువగా భయపడేది తీగలకే, కాబట్టి ఇది ముందే చెప్పండి.

మాట ఆలస్యమైన ఏ బిడ్డకైనా ముందు చెవి, తర్వాతే మిగతావన్నీ. నేను ఏ ఆశా సమావేశంలో మాట్లాడినా మొదట చెప్పేది ఇదే.

చెవులు బాగానే ఉన్నాయని తేలితే అప్పుడు మిగతావి చూస్తారు. పేరు పెట్టి పిలిస్తే మన ముఖంలోకి చూస్తాడా? కావలసింది వేలితో చూపిస్తాడా, లేక మన చెయ్యి పట్టుకుని లాక్కెళ్తాడా? ఆకాశంలో విమానం కనిపిస్తే మనకు చూపించి మనం చూశామా లేదా అని తిరిగి చూస్తాడా? టాటా చెబుతాడా? తోటి పిల్లల దగ్గరికి వెళ్తాడా? ఇవి మాట కంటే ముందు రావలసినవి. ఇవి లేకపోతే ఆటిజం (ఇతరులతో కలవడంలో, మాటలో తేడా ఉండే ఎదుగుదల సమస్య) కోణంలో కూడా చూడాలి. వచ్చిన మాటలు పోయిన బిడ్డ ఏ వయసువాడైనా సరే, ఒక్క నెల కూడా ఆగకూడదు. మాటకు వయసు లెక్క మీకు తెలిసే ఉంటుంది, అయినా రాస్తున్నాను. తొమ్మిది నెలలు వచ్చేసరికి ‘తాతాతా’, ‘బాబాబా’ అని గొలుసుగా పలకాలి. ఏడాదికి ఒకటి రెండు మాటలు, చేతి సైగలు. ఏడాదిన్నరకు ఒక్క మాటా లేకపోతే పరీక్ష కావాలి. రెండేళ్లకు ‘పాలు కావాలి’, ‘నాన్న రా’ వంటి జంట మాటలు రావాలి. రెండేళ్ల మూడు నెలలకు ఒక్క మాట కూడా లేని బిడ్డను ఏ లెక్కన చూసినా పంపవలసిందే.

నాయనమ్మ చెప్పింది పూర్తిగా అబద్ధమని నేను అనను. ఆలస్యంగా మాట్లాడి తర్వాత అందరితో సమానంగా వచ్చే పిల్లలు ఉంటారు. కొన్ని కుటుంబాల్లో అది కనిపిస్తుంది కూడా. కానీ రెండేళ్ల వయసులో అలా కోలుకునే బిడ్డ ఎవరో, వెనుకబడిపోయే బిడ్డ ఎవరో చూసి చెప్పడం ఎవరి తరమూ కాదు. పరీక్ష చేయించి, ఏమీ లేదని తేలితే పోయేది ఒక రోజు కూలి. చేయించకుండా కూర్చుని, ఐదేళ్లకు వినికిడి లోపం బయటపడితే పోయింది తిరిగి రాదు. మాట విని మాట నేర్చుకునే శక్తి మెదడుకు తొలి ఏళ్లలోనే ఎక్కువ. అందుకే పుట్టిన నెలలోపు వినికిడి పరీక్ష, మూడు నెలలలోపు నిర్ధారణ, ఆరు నెలలలోపు వినికిడి యంత్రం, థెరపీ అని ప్రపంచమంతా ఒక లెక్క పెట్టుకున్నారు. కాక్లియర్ ఇంప్లాంట్ (లోపలి చెవిలో ఆపరేషన్ చేసి అమర్చే వినికిడి పరికరం) అవసరమైన పిల్లలకు కేంద్రం వికలాంగులకు పరికరాలిచ్చే అడిప్ పథకం కింద, రాష్ట్రం ఆరోగ్య పథకాల కింద ఆ ఆపరేషన్ చేయిస్తున్నాయి గానీ వయసు పరిమితి ఉంటుంది. ఆ పరిమితి దాటాక వచ్చే తల్లిదండ్రులకు జవాబు చెప్పడం నా పనిలో నాకు అన్నిటికంటే కష్టమైన భాగం.

వస ఆపించండి. వసతో మాటలు వస్తాయనడానికి ఆధారం లేదు. వాంతులు అవుతాయి, పసిపిల్లలకు ప్రమాదం కూడా. నాలుక కింద తీగ కోయిస్తే మాట వస్తుందని ఎవరైనా సలహా ఇస్తే, అదీ వద్దనండి. ఆ తీగ వల్ల కొన్ని ధ్వనులు సరిగా పలకకపోవచ్చు గానీ మాటే రాకుండా పోదు. చెవిలో నూనె పోయడం, చీము కారుతున్న చెవిని వదిలేయడం ఈ రెండూ మానిపించగలిగితే మీరు చాలా మంది పిల్లల వినికిడి కాపాడినట్టే. పిల్లల్లో వచ్చే వినికిడి లోపంలో దాదాపు 60 శాతం నివారించదగినదేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మేనరికం అయితే ఆ సంగతి కాగితం మీద రాసి పంపండి. డాక్టరుకు అది అవసరం. కానీ తల్లిని నిందించేలా ఆ మాట ఇంట్లో ఎత్తవద్దు. ఇప్పటికే ఆ అమ్మాయి ఎన్ని మాటలు పడుతోందో మీకే తెలుస్తుంది.

పరీక్షల కోసం ఎదురుచూసే రోజుల్లో ఇంట్లో చేయగలిగినది చాలా ఉంది. మొదట ఫోను. రెండేళ్ల లోపు పిల్లలకు ఫోను అసలు వద్దని, ఆ తర్వాత కూడా రోజుకు గంట మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. ఫోను వల్లే మాట రాలేదని నేను అనను. అయితే ఫోను పిల్లాడి కోసం ఆగదు, పిల్లాడికి జవాబు ఇవ్వదు. మాట పుట్టేది జవాబు వచ్చే చోట. మన నాయనమ్మలు ఆడించే అరచేతి ఆట గుర్తుందా? అరచేతిలో వేలు తిప్పి పప్పు వండుతారు, ఒక్కో వేలికీ ముద్ద పెడతారు, తర్వాత రెండు వేళ్లు మణికట్టు నుంచి చంక దాకా నడిపించి చక్కిలిగింతలు పెడతారు. అది ఆడేటప్పుడు మోచేతి దగ్గర ఒక్కసారి ఆపమనండి. నాలుగైదు క్షణాలు ఏమీ అనకుండా బాబు ముఖంలోకి చూడమనండి. బాబు చెయ్యి ముందుకు చాపుతాడు, లేదా నవ్వుతాడు, లేదా ‘ఊ’ అంటాడు. అదే అతని వంతు. దాన్ని మాటగా లెక్కించి ఆట కొనసాగించాలి. క్లినిక్‌లో నలభై ఐదు నిమిషాలు నేను చేసేది కూడా ఇంచుమించు ఇదే. నాయనమ్మ చేతికి ఈ పని అప్పగించండి. ‘నీ మాట తప్పు’ అని ఆమెతో వాదించడం కంటే ‘నీ ఆట కావాలి’ అని అడిగితే ఆమె మీ పక్షాన నిలబడుతుంది. ‘అమ్మ అను, అను’ అని వెంటపడటం మాత్రం మానాలి. స్నానం చేయిస్తూ ‘నీళ్లు, వేడి నీళ్లు, చెయ్యి ఇవ్వు’ అని, వాడు చూస్తున్న వస్తువు పేరు చిన్న చిన్న మాటల్లో చెబుతూ పోతే చాలు. మీ వైపు తండాల్లో ఇంట్లో లంబాడీ, అంగన్‌వాడీలో తెలుగు వినే పిల్లలుంటారు. రెండు భాషల వల్ల మాట ఆగిపోదు. ఇంట్లో ఇంటి భాషే మాట్లాడమనండి. అంగన్‌వాడీలో మౌనంగా ఉన్న బిడ్డ ఇంట్లో లంబాడీలో చక్కగా మాట్లాడుతుంటే అది లోపం కాదు.

ఎక్కడికి పంపాలి? 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం మీ అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు, బడికి ఒకసారి వైద్య బృందాన్ని పంపాలి. పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల వరకు పిల్లలను చూస్తారు. ఎదుగుదలలో జాప్యం, వినికిడి లోపం, మాట ఆలస్యం వాళ్ల జాబితాలోనే ఉన్నాయి. ఆ బృందం రెఫర్ చేస్తే వెళ్లేది డీఈఐసీకి, అంటే పిల్లల ఎదుగుదల లోపాలకు తొలి దశలోనే చికిత్స చేసే జిల్లా కేంద్రానికి. మార్గదర్శకాల ప్రకారం అక్కడ పిల్లల డాక్టరు, ఫిజియోథెరపిస్టు, సైకాలజిస్టుతో పాటు ఆడియాలజిస్టు, స్పీచ్ థెరపిస్టు ఉండాలి. ఖర్చు ఉండదు. బృందం వచ్చేదాకా ఆగనక్కర్లేదు, మీ వైద్యాధికారి చేత రాయించి నేరుగా పంపవచ్చు. హైదరాబాదులో బంధువులున్న కుటుంబమైతే సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో కేంద్ర ప్రభుత్వ సంస్థలున్నాయి. అక్కడ పరీక్షలు, ఇంట్లో చేయవలసిన శిక్షణ రెండూ దొరుకుతాయి. ప్రైవేటు థెరపిస్టు దగ్గరికి వెళ్తే భారత పునరావాస మండలి రిజిస్ట్రేషన్ నంబరు అడగమనండి. ఆ నంబరు లేకుండా బోర్డు పెట్టుకున్నవాళ్లు ఉన్నారు.

ఏడో తరగతి అమ్మాయి గురించి తక్కువగానే రాస్తాను, ఎందుకంటే ఆమెకు సగం మందు బడిలోనే ఉంది. నత్తి భయం వల్ల రాదు, ఎవరినో అనుకరించడం వల్ల రాదు, తెలివి తక్కువ కావడం అంతకంటే కాదు. రెండు నుంచి ఐదేళ్ల మధ్య మొదలై చాలామందిలో దానంతట అది పోతుంది. పన్నెండేళ్ల దాకా ఉందంటే థెరపిస్టు సాయం కావాలి. మీరు క్లాసు టీచరును ఒక్కసారి కలిసి మూడు విషయాలు అడగండి. ఆమె మాట పూర్తయ్యేదాకా ఆగాలి, మధ్యలో అందుకుని పూర్తి చేయకూడదు. ‘మెల్లగా, ఊపిరి పీల్చుకుని చెప్పు’ అనకూడదు, ఆ సలహా ఆమె వెయ్యిసార్లు విని ఉంటుంది. హాజరు పిలిచేటప్పుడు నోటితో కాకుండా చెయ్యి ఎత్తే ఏర్పాటు అందరికీ చేస్తే ఆమె ఒక్కతీ వేరుగా కనిపించదు. మండలంలో భవిత కేంద్రం (ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం విద్యాశాఖ నడిపేది) ఉంటే ప్రత్యేక ఉపాధ్యాయులతో మాట్లాడండి. ఆ అమ్మాయిని పక్కకు పిలిచి, ‘నువ్వు ఎంతసేపు చెప్పినా నేను వింటాను’ అని మీరు ఒక్క మాట అనండి. బడిలో నవ్విన పిల్లల కంటే ఆ ఇంటికి వెళ్లి వినే మనిషికి ఎక్కువ బలం ఉంటుంది.

మీ చివరి ప్రశ్నకు వస్తాను. ఇది మీ పనేనా? థెరపీ మీ పని కాదు. దాన్ని మీ మీద వేయడం అన్యాయం, మీకు దానికి శిక్షణా లేదు, వేతనమూ లేదు. కనిపెట్టడం, పంపడం, పంపాక వెళ్లారో లేదో చూడటం మాత్రం మీరు చేయగలిగినంతగా ఇంకెవరూ చేయలేరు. చిన్నపిల్లల ఇంటి సందర్శనలు మీరు ఎలాగూ చేస్తున్నారు. మూడు, ఆరు, తొమ్మిది, పన్నెండు, పదిహేను నెలలకు గడప తొక్కుతున్నారు. తల్లీబిడ్డల కార్డులో ఎదుగుదల బొమ్మలు ఉన్నాయి. బరువు, టీకా చూసేటప్పుడు ‘పిలిస్తే తిరుగుతాడా? ఏమని పలుకుతాడు? వేలితో చూపిస్తాడా?’ అని అడగడానికి రెండు నిమిషాలు పడుతుంది. ఈ బాబును తొమ్మిదో నెలలో ఎవరైనా అలా అడిగి ఉంటే ఏడాదిన్నర కలిసి వచ్చేది. ఇందులో మీ తప్పు లేదు. అడగాలని మీకు చెప్పవలసిన మనిషి మీ పీహెచ్‌సీకి ఎప్పుడూ రాలేదు.

ఊళ్లో స్పీచ్ థెరపిస్టు చేయవలసిన పని అదే అని నా గట్టి అభిప్రాయం. గది తలుపు వేసుకుని ఒక్కో బిడ్డకు వారానికి రెండు గంటలు కేటాయించే పద్ధతి నగరంలో నడుస్తుంది. మండలంలో నడవదు, మీరు రాసిన కూలి లెక్కే దానికి కారణం. పల్లెకు వచ్చే థెరపిస్టు ముందు మీకు, ఏఎన్‌ఎంకు, అంగన్‌వాడీ టీచరుకు కనిపెట్టడం నేర్పాలి. నెలకు ఒక నిర్ణీత రోజున పీహెచ్‌సీలో కూర్చుని మీరు గుర్తించినవాళ్లను చూడాలి. ఆ ఇంటివాళ్లకు వాళ్ల వంటింట్లో, వాళ్ల మంచం దగ్గర ఏం చేయాలో చేసి చూపించాలి. నెల మధ్యలో వీడియో కాల్‌లో ‘ఎలా పెడుతున్నారో చూపించండి’ అని అడగాలి. వారంలో రెండు గంటల థెరపీ కంటే బిడ్డ మెలకువగా ఉన్న మిగతా గంటలన్నీ ఎవరి చేతుల్లో ఉన్నాయో వాళ్లకు నేర్పడం ఎక్కువ ఫలితం ఇస్తుంది. మైసూరులో 1965లో నెలకొల్పిన అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ నుంచి మన దేశంలో ఈ వృత్తి చాలా దూరం వచ్చింది. ప్రాథమిక ఆరోగ్యమంటే రోగం తగ్గించడం ఒక్కటే కాదు, పునరావాసం కూడా అందులో భాగమేనని ప్రపంచ దేశాలు కలిసి చేసిన 1978 అల్మా ఆటా ప్రకటన స్పష్టంగా చెప్పింది. అయినా చదువుకున్న థెరపిస్టులం ఎక్కువమందిమి నగరాల్లోనే ఉండిపోయాం. పీహెచ్‌సీ స్థాయిలో పోస్టులు లేవు గనుక అని మేం చెబుతాం. పల్లెల నుంచి ఎవరూ అడగడం లేదు గనుక పోస్టులు లేవు అని పైవాళ్లు చెబుతారు. అడగడం మీ దగ్గర మొదలు కావచ్చు.

వచ్చే ఆశా డే రోజున మీ తోటి ఆశాలందరినీ ఒక్కో కాగితం తెమ్మనండి. మాట రాని పిల్లలు, చెవి కారే పిల్లలు, పెదవి లేదా అంగిలి చీలికతో పుట్టినవారు, పక్షవాతంతో మాట గాని, మింగడం గాని పోయినవారు, నత్తి ఉన్నవారు. పేరు, వయసు, ఊరు చాలు. అన్నీ కలిపి వైద్యాధికారికి ఇచ్చి, డీఈఐసీ నుంచి గాని జిల్లా ఆసుపత్రి నుంచి గాని స్పీచ్ థెరపిస్టును నెలకు ఒక్క రోజు పీహెచ్‌సీకి పంపమని జిల్లా అధికారులకు రాయమని అడగండి. ముగ్గురి పేర్లతో అడిగితే మీరు పంపండి అంటారు. పీహెచ్‌సీ పరిధి అంతటి పేర్లతో అడిగితే మనిషిని పంపడమే తేలికని వాళ్లకే తెలుస్తుంది.

బాబును పంపేటప్పుడు ఒక కాగితం మీద ఈ వివరాలు రాసి తల్లికి ఇవ్వండి: నెలలు నిండి పుట్టాడా, పుట్టగానే ఏడ్చాడా, కామెర్లు ఎక్కువయ్యాయా, ఆసుపత్రిలో పెట్టెలో (బాక్సులో) ఉంచారా, ఫిట్స్ వచ్చాయా, చెవి కారిందా, మేనరికమా, ఇంట్లో ఏ భాష, మీరు చెంచాతో చూసినప్పుడు ఏ వైపు తిరిగాడు. తల్లీబిడ్డల కార్డు వెంట ఉండాలి. బెరా పరీక్ష నిద్రలో చేస్తారు గనుక ఆ ఉదయం బస్సులో నిద్రపోనివ్వకుండా, పాల సీసా, అలవాటైన దుప్పటి తీసుకెళ్లమనండి. అక్కడ నిద్రపోకపోతే ఇంకో రోజు రమ్మంటారు, ఇంకో రోజు కూలి పోతుంది. శాశ్వత లోపమని తేలితే వైకల్య ధ్రువపత్రం ఇచ్చే సదరం శిబిరానికి పేరు నమోదు చేయించండి. 40 శాతం, అంతకు మించిన వైకల్యానికి ఇచ్చే ఆ ధ్రువపత్రంతో పింఛను, బస్సు రాయితీ వంటివి వస్తాయి. ఆటిజమో, మస్తిష్క పక్షవాతమో (సెరిబ్రల్ పాల్సీ) అయితే నిరామయ బీమా ఉంది. ఏడాదికి లక్ష రూపాయల వరకు, థెరపీ ఖర్చులు కూడా అందులో వస్తాయి. ఓఏఈ, బెరా ఫలితాల కాగితాలు చేతికి వచ్చాక వాటిలో ఏం రాసి ఉందో ఈ శీర్షికకు మళ్లీ రాయండి. తర్వాత ఏం చేయాలో ఆ ఫలితాన్ని బట్టి చెబుతాను.